ఇంటికో ఆటగాడు

పిన్ని పోయిందని బాబాయి ఫోన్ చేసేసరికి నేను ఆమె మీద కోపంగా ఉన్నాను. ముందురోజు సాయంత్రమే ఫోన్లో పోట్లాడుకున్నాం. నా మాట పూర్తి కాకుండానే, ఎప్పటిలాగే, ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు ఆఫీసు మీటింగులో కూర్చుని, ఈసారి ఆమె నోరు మూయించడానికి ఏమనాలా అని మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. "నిద్రలోనే పోయిందిరా, లేపితే లేవలేదు" అన్నాడు బాబాయి.

అబద్ధమెందుకు, ఏడుపు కంటే ముందు నాకు చిరాకే వచ్చింది. వాదన మధ్యలో లేచిపోవడం ఆమెకు అలవాటే గాని, ఇది మరీ అన్యాయం.

ఈ జర్మనీలో చావుకి కూడా టెర్మిన్, అంటే ముందే తీసుకున్న అపాయింట్‌మెంట్, కావాలి. దహనానికి తేదీ దొరకడానికే చాలా రోజులు పట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రావలసిన పంతులుగారి రైలు దారిలో ఆగిపోయింది. ఎలాగో అన్నీ అయ్యాక, వచ్చినవాళ్ళందరూ "ఎంత మంచి మనిషో" అని చెప్పుకుని వెళ్ళారు. మంచి మనిషే, కాదనను. కాని ఎంత విసిగించేదో ఒక్కరూ చెప్పలేదు. ఆ సంగతి ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. నేను మాస్టర్స్ చదవడానికి ఈ గార్చింగ్ ఊరికి వచ్చేనాటికే వాళ్ళు ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయింది. బాబాయి ఇంజనీరు. ఆమె కీటాలో, అంటే ఇంకా బడి వయసు రాని పసిపిల్లల్ని చూసుకునే చోట, టీచరు. జర్మన్ ధారాళంగా వచ్చు. అయితే కోపమొచ్చినా ముద్దొచ్చినా నోటికి గుంటూరు తెలుగే వచ్చేది. అందుకే మా ఊళ్ళో మీసాలొచ్చిన జర్మన్ కుర్రాళ్ళు కొందరికి "కూచో", "చాలు", "ముక్కు తుడుచుకో" అన్న మాటలు ఇప్పటికీ అర్థమవుతాయి. మా ఇంటికొస్తే బెల్లు కొట్టేది కాదు, తలుపు బాదేది. వచ్చీరాగానే ఫ్రిజ్ తెరిచి, లోపలున్న గిన్నెల మూతలు తీసి చూసి, నా బతుకు మీద ఒక నిట్టూర్పు విడిచేది. ఎదుటివాళ్ళ వాక్యాన్ని చివరిదాకా విన్న పాపాన ఎన్నడూ పోలేదు.

ఇక మా పోట్లాట సంగతి. నేను కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేరాను. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదిది. హెల్మెట్లు, భుజాలకు కవచాలు వేసుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. మొదటి ఏడే నా మోకాలు మెలిపడింది. ఆడలేనివాడికి ఏదో ఒక పని అప్పజెప్పాలి కదా, ఆటకి జనాన్ని రప్పించే పని నా నెత్తిన పెట్టారు. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరినా ఆ పని నన్ను వదల్లేదు.

అందులో అన్నిటికన్నా కష్టం స్ప్రింగ్ గేమ్. సీజన్ మొదలవడానికి ముందు, వసంతంలో, జట్టు రెండుగా చీలి తనతో తానే ఒక ఆట ఆడుతుంది. ఊరివాళ్ళు వచ్చి చూడాలని, కొత్త కుర్రాళ్ళని పలకరించాలని దాని ఉద్దేశం. ఒక్క పురుగు కూడా వచ్చేది కాదు. మేము ఆడే మైదానం ఉమ్మడిది. ఏ పూట ఎవరికివ్వాలో చూసే ఆఫీసు వాళ్ళు ఒక ఏడాది మర్యాదగానే మాట పంపారు: శనివారం మధ్యాహ్నాలు ఊరి జనం వచ్చే ఆటలకే ఇస్తాం, ఈసారీ గ్యాలరీ ఖాళీగా ఉంటే ఆ పూట వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. అది పోతే మాకు మిగిలేది బస్సు కూడా వెళ్ళని ఒక గడ్డినేల. సగం మంది మానేస్తారు. జట్టు చెదిరిపోతుంది.

నేను చెయ్యనిది లేదు. పోస్టర్లు అంటించాను. ఫోటోలు, వీడియోలు పెట్టాను. మన తెలుగువాళ్ళ గ్రూపులో రోజు మార్చి రోజు మెసేజ్ పెట్టాను. బొటనవేళ్ళు బాగానే వచ్చాయి. ఫోన్ చేస్తే "తప్పకుండా ట్రై చేస్తాం" అన్నారు. ట్రై చేస్తామని మనవాళ్ళన్నారంటే అర్థమేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ గోడంతా పిన్ని దగ్గర వెళ్ళబోసుకుంటే ఆమె అడిగింది ఒకటే ప్రశ్న.

"నువ్వు పిలిచావా?"

"గ్రూపులో పెట్టాను కదా పిన్నీ."

"గ్రూపులో పెడితే పిలిచినట్టేందిరా? అది చాటింపు. చాటింపు విని పేరంటానికి ఎవరన్నా వస్తారా?"

ఆ శనివారం కుంకుమ భరిణె చేతిసంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. జర్మనీలో చెప్పాపెట్టకుండా ఒకరింటికి వెళ్ళడమేంటని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఫుట్‌బాల్ ఆటకి బొట్టు పెట్టి పిలవడమేంటని సిగ్గుతో చచ్చాను. వింటేగా.

మొదట వెళ్ళింది వరంగల్ అన్నావాళ్ళింటికి. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మా పక్క వీధే. స్ప్రింగ్ గేమ్ అంటే ఏమిటో నేను వివరించాను. ఆయన శ్రద్ధగా విని పిన్నిని అడిగాడు.

"అక్కా, మరి గెలిచేదెవలు?"

"వీళ్ళే."

"ఓడేదెవలు?"

"వాళ్ళూ వీళ్ళే."

"గట్లయితే మేమొచ్చి ఏం జెయ్యాలె?"

సోఫాలో ఉన్న వాళ్ళమ్మాయి టాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండానే "లాంగ్‌వైలిగ్" అంది. బోరు అని. నాకూ అదే అనిపించింది. ఇంక లేద్దామని పిన్నికి సైగ చేశాను.

ఆమె నన్ను చూడనైనా లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వరంగల్ వదినని దగ్గరికి పిలిచింది. "ఇరవై రెండో నంబరు వేసుకునే కుర్రాడు బ్రెజిల్ వాడమ్మా. పేరు రఫాయెల్. వాళ్ళమ్మ సముద్రానికి అవతల ఉంది. ఇక్కడ వాడికెవరూ లేరు. ఇవాళ్టి నుంచి వాడు మీవాడు. మీరు రాకపోతే ఆ రోజు వాడి కోసం వచ్చినోళ్ళు ఎవరూ లేనట్టే" అంటూ ఆమెకి బొట్టు పెట్టింది. అన్న ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మెట్లు దిగుతూ అడిగాను, "రఫాయెల్ సంగతి ఎప్పుడు అనుకున్నావు?"

"ఇప్పుడే."

"వాళ్ళు ఒప్పుకోలేదు కదా పిన్నీ!"

"బొట్టు పెట్టించుకున్నాక మళ్ళీ ఒప్పుకోడమేందిరా?"

అలా కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగింది. ఇంటికో ఆటగాణ్ణి అంటగట్టింది. కాగితం లేదు, కలం లేదు, ఎవరికి ఎవరో అంతా ఆమె బుర్రలోనే. స్టూడెంట్లు ముగ్గురు నలుగురు కలిసుండే ఫ్లాట్లకి కూడా ఒక్కొక్కణ్ణి ఇచ్చింది. అక్కడితో ఆగిందా? పైఅంతస్తులో ఉండే జర్మన్ పెద్దావిడ తలుపు కూడా తట్టింది. ఆవిడ ఇంజెక్షన్‌కి చెయ్యి చాపినంత బుద్ధిగా నుదురు చాపి బొట్టు పెట్టించుకుంది. ఆవిడకి, ఆటలో ఎదుటివాళ్ళని అడ్డుకునే డిఫెన్స్ కుర్రాడు ఒకడు దక్కాడు. తలుపుకి పట్టనంత భుజాలతో ఉంటాడు. చిన్నప్పుడు పిన్ని కీటాలో పెరిగినవాడే. "మధ్యాన్నం పడుకోమంటే నా చున్నీ పట్టుకుని ఏడ్చేవాడు" అని పిన్ని ఆవిడకి చెప్పింది. తర్వాత వాడి జట్టందరి ముందూ చెప్పింది.

ఆట రోజు వచ్చింది. మొదలయ్యేది ఒంటిగంటకి. కుర్చీలు సర్దుదామని నేను చాలా ముందే వెళ్ళాను. తాళం వేసిన గేటు ముందు, వానలో, గొడుగులు పట్టుకుని జర్మన్‌వాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. పైఅంతస్తు పెద్దావిడ అందరికంటే ముందుంది. నన్ను చూసి వాచీ చూసుకుని, "పదకొండు గంటలకని చెప్పారు" అంది, ఏమాత్రం గొంతు పెంచకుండా. కేకలేసినా బాగుండేది. భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

పిన్నికి ఫోన్ చేసి అరిచాను.

"మనోళ్ళకి రెండు గంటలు ముందు చెప్తేగాని కదలరు కదరా" అంది తాపీగా.

"వీళ్ళు మనవాళ్ళు కాదు పిన్నీ! జర్మన్లు! చెప్పిన టైముకి ముందే వచ్చి నిలబడ్డారు!"

"పిలిచాక అందరూ మనోళ్ళే. తాళం తియ్యి ముందు, టీ పట్టుకొస్తన్నా."

ఫ్లాస్కుతో వచ్చి అల్లం టీ పోసింది. క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఒంటిగంట దాటాక మనవాళ్ళు తీరిగ్గా దిగారు. వరంగల్ అన్న రెండు గంటలు ఆలస్యమైపోయిందనుకుని, రైలు మీదా పిల్ల జలుబు మీదా సాకులు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఇంకా ఆట మొదలే కాలేదని తెలిశాక కూడా, తెచ్చిన సాకులు వృథా కావడం ఇష్టం లేక చెప్పేశాడు. ఏమైతేనేం, గ్యాలరీ నిండింది. మా శనివారం మాకు మిగిలింది.

దాంతో నా కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. అసలు కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. ఒక్క ఆటలోనే ఇరవై రెండో నంబరు వరంగల్ అన్నకి "మావాడు" అయిపోయాడు. "తమ్మీ, మావానికి బాల్ ఎందుకిస్తలేరు? కోచ్‌కి చెప్పు జర" అని నన్ను పట్టుకున్నాడు. ఆట నియమాలు ఒక్కటీ తెలియదు, అన్యాయం జరిగిందని మాత్రం తెలుసు. వదిన చలిలో పొట్టి చేతుల చొక్కా వేయించారని కోచ్ మీదికే వెళ్ళింది. పాపం ఆ కోచ్ జర్మన్, ఇలాంటి దాడికి ఏ శిక్షణా పొందినవాడు కాదు. ప్రతి ఆటకీ ముందు "ఈసారి ఫిర్యాదు ఏ కుటుంబం నుంచి?" అని నన్నడిగేవాడు. రఫాయెల్ ఆదివారాలు అన్నావాళ్ళింటికి వెళ్ళి పప్పన్నం తినడం నేర్చాడు. లాంగ్‌వైలిగ్ పిల్ల వాడి దగ్గర బంతి విసరడం నేర్చుకుంది.

వీటన్నిటికీ కారణమైన మనిషి మాత్రం చివరి వరసలో కూర్చుని, ఆట చూడకుండా జనాన్ని చూస్తూ ఉండేది. ఎవరి ఆటగాడి తాలూకు మనిషి కనపడకపోయినా అక్కడి నుంచే ఫోన్ కొట్టేది. "ఏమ్మా, మీవాడు దిగాడు, యాడున్నారు?" అని.

నాకు కావలసింది సంఖ్య. మైదానం ఆఫీసువాళ్ళకి చెప్పుకోవాలి కదా. ఒకసారి "మొత్తం మీద ఎంతమంది రావచ్చు పిన్నీ" అని అడిగితే ఆమెకి నిజంగానే కోపమొచ్చింది.

"నీకు తలకాయలు కావాలి. ఎవుడి కోసం ఎవుడొచ్చాడో అక్కర్లేదు" అంది. కాసేపటికి తనే చెప్పింది. కీటాలో చేరిన కొత్తలో వసంత పండగకి పిల్లల చేత డాన్సు చేయించిందట. హాలు నిండా జనమే. ఒక పిల్లాడి వాళ్ళు మాత్రం ఏదో పనిపడి రాలేదు. వాడు అడుగు వెయ్యలేదు. అందరూ ఎగురుతుంటే వాడు తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడట. "నిండా జనం ఉంటే వాడికేమొచ్చిందిరా? జనం ఆట చూడ్డానికి రారు, మనోణ్ణి చూడ్డానికి వస్తారు. ఆడేవోడూ అంతే" అంది. అంత పొడుగ్గా, మధ్యలో తిట్లు లేకుండా, ఆమె మాట్లాడగా విన్నది ఆ ఒక్కసారే.

మంచి మాటే. కాని ఆ రెండు గంటల అబద్ధం మాత్రం మానలేదు. జర్మన్లకి నిజం టైము, మనవాళ్ళకి పిన్ని టైము అని ఏటా రెండు ముహూర్తాలు నడిపింది. మనవాళ్ళేమన్నా తక్కువా? మరుసటి ఏడుకే కనిపెట్టేశారు. ఆమె పదకొండు అంటే ఒంటిగంట అని లెక్క కట్టుకుని, దాని మీద తమ వంతు ఆలస్యం కలుపుకుని రావడం మొదలెట్టారు. ఆమె పది అంది. వాళ్ళు దాన్నీ పట్టేశారు. మా చివరి పోట్లాట సరిగ్గా దీని గురించే.

"ఈ ఏడైనా నిజం చెబుదాం పిన్నీ. నువ్వేం చెప్పినా వాళ్ళు దాని మీద గంటలు కలుపుకుంటున్నారు" అన్నాను.

"అయితే తొమ్మిదంటా."

"పెద్దవాళ్ళతో ఇదేం ఆట? వాళ్ళకి బుద్ధి లేదా? నిజం చెబితే సరిగ్గా వస్తారు. మైదానం ఆఫీసు నుంచి ఈసారి చూడ్డానికి మనిషి కూడా వస్తున్నారు, ఆ పూట మనకే ఉంచాలా వద్దా అని..."

"నిజం చెప్తే ఎవుడొస్తాడ్రా" అంది. ఫోన్ పెట్టేసింది. నాతో ఆమె ఆఖరి మాట అది.

ఆమె పోయాక బాబాయీ నేనూ ఇంటింటికీ వెళ్ళాం. బాబాయి మొదటి నుంచీ మాట తక్కువ మనిషి, ఇప్పుడు అసలే లేదు. పిన్ని సంచి భుజానికి తగిలించుకుని నా పక్కన నిలబడేవాడు, అంతే. కొత్తగా చేరిన కుర్రాళ్ళని నేనే పంచాను. ఆమె ఎలా పంచేదో తెలియదు కాబట్టి తోచినట్టు పంచాను. ప్రతి ఇంట్లోనూ ఒట్టు పెట్టి మరీ చెప్పాను, "ఒంటిగంటకి. నిజంగా ఒంటిగంటకే. ఇది పిన్ని టైము కాదు." అందరూ తలూపారు. వరంగల్ అన్న నవ్వుతూ నా భుజం తట్టి, "సమజైంది తమ్మీ" అన్నాడు. ఆ నవ్వు చూసైనా నేను గ్రహించాల్సింది.

శనివారం ఒంటిగంటకి గ్యాలరీలో పైఅంతస్తు పెద్దావిడ, మిగతా జర్మన్లు, ఆఫీసు నుంచి వచ్చిన ఒకావిడ, బాబాయి ఉన్నారు. మనవాళ్ళ వైపు వరసలన్నీ ఖాళీ. ఆట మొదలైంది. విరామం వచ్చింది. ఎవరూ రాలేదు. నేను ఫోన్లు చేస్తే "వస్తున్నం, వస్తున్నం" అన్నారు. రఫాయెల్‌కి ఇది కాలేజీలో చివరి ఏడు. ఆట ఆగినప్పుడల్లా హెల్మెట్ పైకి లేపి గ్యాలరీ వైపు చూస్తున్నాడు. ఆ చూపు నేను చూడలేకపోయాను. మనవాళ్ళ మీద మండిపోయాను. నా మీద నేనే, అందరికంటే ఎక్కువగా, ఇన్నేళ్ళూ అందరికీ అబద్ధం అలవాటు చేసి, ఇప్పుడు నిజం చెప్పినా ఎవరూ నమ్మకుండా చేసి వెళ్ళిపోయిన మా పిన్ని మీద మండిపోయాను. ఆట అయిపోయింది. ఈల ఊదారు. కుర్రాళ్ళు బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నారు. ఆఫీసు ఆవిడ కోటు తొడుక్కుంటోంది.

అప్పుడు వచ్చారు. అందరూ ఒక్కసారే. యూ-బాన్ రైలు దిగి గిన్నెలతో, స్ట్రోలర్లతో, పిల్లల్ని ఎత్తుకుని, గేటులోంచి బిలబిలమంటూ. ఒంటిగంట అని నేను ఒట్టు పెట్టి చెప్పడంతోనే, ఇదీ పిన్ని ఎత్తే అనుకుని, దాని మీద రెండు గంటలు కలిపి, అసలు టైము మూడు అని ఊరంతా తేల్చుకుందట.

నేను నోరు తెరిచేలోపల బాబాయి లేచి నిలబడ్డాడు. గ్యాలరీ దిగి, మైదానం దాటి, కోచ్ దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కోచ్ గేటు వైపు చూశాడు, ఖాళీ వరసల్లో గబగబా సర్దుకుంటున్న జనాన్ని చూశాడు, తల పట్టుకున్నాడు. తర్వాత కుర్రాళ్ళ వైపు తిరిగి "నోఖ్ మాల్" అని అరిచాడు. ఇంకోసారి.

ఒక్కడు కూడా విసుక్కోలేదు. చెమటా బురదా పట్టిన జెర్సీలు మళ్ళీ తలమీదుగా లాక్కున్నారు. చలికి వేళ్ళు కొంకర్లుపోయి తాళ్ళు ముడిపడకపోతే ఒకరి బూట్లు ఒకరు కట్టుకున్నారు. ఆఫీసు ఆవిడ ఒక చేతికి తొడిగిన కోటు తీసేసి కూర్చుంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. దహనం రోజు రాని ఏడుపు, అందరి మధ్యలో, ఆపుకోలేనంత.

అందరికంటే వెనక వరంగల్ వదిన వచ్చింది. వాళ్ళమ్మాయి చెయ్యి పట్టుకుని, గడ్డి మీద అడ్డంగా పరిగెడుతూ, మైదానమంతా వినపడేలా కేకేసింది, "రఫాయెల్! వచ్చినం బిడ్డా!"

రఫాయెల్ అప్పటికే గీత దగ్గర వంగి, బంతి కోసం కాచుకుని ఉన్నాడు. తల తిప్పకుండానే, చేతి తొడుగు ఉన్న చెయ్యి పైకెత్తి, అలాగే పట్టుకున్నాడు.